ఒకే అనుభవం, నాలుగు పాఠాలు: పరసంస్కృతిని నేర్చుకోవడంలో ఉద్యోగి స్వభావం పాత్ర

వేర్వేరు దేశాల ఉద్యోగులు కలిసి పనిచేసే ఒక బృందాన్ని ఊహించుకుందాం. సమావేశం ముగుస్తుండగా బృంద నాయకురాలు ఒక సహోద్యోగిని ‘ఈ నివేదిక శుక్రవారానికి అందుతుందా?’ అని అడుగుతుంది. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘ప్రయత్నిస్తానండీ’ అంటాడు. శుక్రవారం వస్తుంది, నివేదిక రాదు. నలుగురిలో ఉండగా పైఅధికారి అడిగినదాన్ని కాదనడం ఆయన పెరిగిన సంస్కృతిలో మర్యాద కాదు. ‘ప్రయత్నిస్తాను’ అన్నప్పుడే ఆయన ‘వీలుకాదు’ అని చెప్పేశాడు. ఈ సంగతి తెలియని బృందంలో ఒకరు ఆయనను మాట మీద నిలబడని మనిషిగా లెక్కకట్టేస్తారు. ఇంకొకరు నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి ఏం జరిగిందని అడుగుతారు. మూడో వ్యక్తి ఎవరినీ ఏమీ అడగదు; ఆ రోజు ఆయన మాట్లాడేముందు ఆగిన క్షణాన్ని గుర్తుతెచ్చుకుని, ఆ తర్వాతి సమావేశాల్లో అలాంటి విరామాలను గమనించడం మొదలుపెడుతుంది. నాలుగో వ్యక్తి మాత్రం తన తప్పేమైనా ఉందేమోనని రోజుల తరబడి మథనపడి, చివరికి ఆయనతో మాట్లాడటమే తగ్గించుకుంటాడు.

ఈ నలుగురూ ఒకే శిక్షణ తరగతిలో కూర్చున్నవారే కావచ్చు, ఒకే కరపత్రం చదివినవారే కావచ్చు. జరిగిన సంఘటన ఒక్కటే అయినా ఒక్కొక్కరికి అందిన పాఠం ఒక్కో తీరుగా ఉంది. పుర్రెకో బుద్ధి అని సరిపెట్టుకుంటే చర్చ అక్కడితో ఆగిపోతుంది గానీ, ఆ తేడా ఎక్కడ పుడుతుందో మనకు తెలియదు. సంస్థలు సాధారణంగా అడిగే ప్రశ్న ‘పరసంస్కృతులతో పనిచేయడానికి ఎలాంటి స్వభావం ఉన్నవారు తగినవారు?’ అన్నది. ఆ ప్రశ్నే సరైనది కాదని నా అభిప్రాయం. నేర్చుకోవడం అనే ప్రయాణంలో ఏ స్వభావం ఏ మలుపు దగ్గర తోడ్పడుతుంది, ఏ మలుపు దగ్గర అడ్డుపడుతుంది అని అడిగితేనే పరిశోధనలు చెబుతున్న విషయాలు ఒకదానితో ఒకటి పొసగుతాయి.

ముందుగా, ఇక్కడ నేర్చుకోవడం అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఫలానా దేశంలో ఎలా నమస్కరిస్తారు, బహుమతి ఇస్తే ఎలా అందుకుంటారు వంటి వివరాలు తెలిసి ఉండటం సమాచారం మాత్రమే. ఎదుటివారి ప్రవర్తన మన అంచనాకు భిన్నంగా ఉన్నప్పుడు ఆ తేడాను గమనించడం, వెంటనే తీర్పు చెప్పకుండా ఆ ఇబ్బందిని కాసేపు భరించడం, వారి వైపు నుంచి దాని కారణాన్ని వెతకడం, ఆపైన మన ప్రవర్తనను కొంచెం మార్చి చూడటం, ఇవన్నీ కలిస్తేనే అది అభ్యాసం. అనుభవం ద్వారా నేర్చుకోవడం గురించి డేవిడ్ కోల్బ్ 1984లో ప్రతిపాదించిన చక్రం కూడా ఇలాంటిదే: అనుభవించడం, దాని గురించి ఆలోచించడం, ఒక అవగాహనకు రావడం, ఆ అవగాహనను ఆచరణలో పరీక్షించడం. ఈ చక్రంలో ఏ ఒక్కచోట ఆగిపోయినా అనుభవం అనుభవంగానే మిగిలిపోతుంది. పదేళ్లు పరాయి దేశంలో పనిచేసి వచ్చినవారిలో కూడా అక్కడివారి గురించి మొదటి నెలలో ఏర్పరచుకున్న అభిప్రాయాలనే మోస్తున్నవారు కనిపించడానికి కారణం ఇదే.

ఇక స్వభావం విషయానికి వద్దాం. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పెద్ద ఆంగ్ల నిఘంటువును జల్లెడపట్టి, మనుషుల తీరును వర్ణించే మాటలను సుమారు 18,000 వరకు ఏరి జాబితా చేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అనేకమంది పరిశోధకులు ఆ మాటలను కుదించి, గుంపులుగా చేర్చి, చివరికి ఐదు ప్రధాన గుణాల దగ్గరికి తెచ్చారు. వాటిని తెలుగులో కొత్తపట్ల ఆసక్తి, కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత, సౌమ్యత, మనోనిబ్బరం అని చెప్పుకోవచ్చు. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక కొలబద్ద లాంటిది. ఎవరూ పూర్తిగా ఈ కొసన గానీ ఆ కొసన గానీ ఉండరు, అధికశాతం మంది నడిమి భాగంలోనే ఉంటారు. ‘నేను అంతర్ముఖుణ్ణి, నాకు ఇవి రావు’ అని తమ మీద తామే ముద్ర వేసుకునేవారు ఈ సంగతిని మరచిపోతుంటారు.

ఈ ఐదు గుణాలకూ, పరసంస్కృతుల మధ్య సమర్థంగా మెలిగే శక్తికీ ఉన్న సంబంధాన్ని సూన్ ఆంగ్, లిన్ వాన్ డైన్, క్రిస్టీన్ కో 2006లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించారు. ఆ శక్తిని వారు నాలుగు పాయలుగా చూశారు: తన ఆలోచనను తానే గమనించుకోవడం, సంస్కృతుల గురించిన పరిజ్ఞానం, నేర్చుకోవాలనే ఉత్సాహం, ప్రవర్తనను మార్చుకోగలగడం. కొత్తపట్ల ఆసక్తి ఒక్కటే నాలుగు పాయలతోనూ ముడిపడి కనిపించింది. కర్తవ్యనిష్ఠకు తన ఆలోచనను గమనించుకోవడంతోనూ, సౌమ్యతకూ మనోనిబ్బరానికీ ప్రవర్తనను మార్చుకోవడంతోనూ సంబంధం కనబడింది. బహిర్ముఖతకు పరిజ్ఞానం, ఉత్సాహం, ప్రవర్తన అనే మూడింటితో సంబంధం ఉంది. తన ఆలోచనను గమనించుకోవడంతో మాత్రం లేదు. ఆ అధ్యయనంలో పాల్గొన్నది ఉద్యోగులు కాదు, బిజినెస్ విద్యార్థులు. పైగా వారు తమ గురించి తామే చెప్పుకున్న సమాధానాల మీద అది ఆధారపడింది. ఈ పరిమితులను మనసులో ఉంచుకున్నా, ఒక్కో గుణం వేర్వేరు పాయలను తాకుతోందన్న విషయం మన ప్రశ్నకు చాలా కీలకమైనది.

కొత్తపట్ల ఆసక్తి అన్నిటికంటే ముందు నిలిచిందంటే ఆశ్చర్యం లేదు. తేడా కనిపించినప్పుడు అలాంటివారికి ముందు కుతూహలం కలుగుతుంది, చిరాకు ఆ తర్వాతి మాట. అయితే ఈ గుణంలోనూ ఒక లోతులేని రూపం ఉంది. కొత్త ఆచారాన్ని చూసి ముచ్చటపడటం, కొత్త పలకరింపులు నేర్చుకోవడం, ఆ వింతలను ఉత్సాహంగా నలుగురికీ చెప్పడం ఇవన్నీ చేస్తూనే, అవి ఎందుకు అలా ఉన్నాయో ఒక్కసారి కూడా అడగకపోవడం సాధ్యమే. విలియం మాడక్స్, హాజో ఆడమ్, ఆడమ్ గాలిన్‌స్కీ 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో, పరాయి సంస్కృతికి చెందిన ప్రవర్తన వెనుక ఉన్న కారణాన్ని నేర్చుకున్న అనుభవాన్ని గుర్తుతెచ్చుకోవడం సృజనాత్మక ఆలోచనకు తోడ్పడినట్లు తేలింది. ‘ఏమిటి’ దగ్గర ఆగిపోయే కుతూహలానికీ ‘ఎందుకు’ దాకా వెళ్లే కుతూహలానికీ మధ్య దూరం చాలా ఉంది. ఉత్సాహవంతులైన ఉద్యోగులను చూసి వారికి ఇక శిక్షణ అక్కరలేదనుకునే అధికారులు ఈ దూరాన్ని గుర్తించాలి.

బహిర్ముఖత గురించి కాస్త ఎక్కువగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే కార్యాలయాల్లో అత్యధిక అపోహలు దీని చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. నలుగురితో చొరవగా కలిసేవారికి పరిచయాలు త్వరగా పెరుగుతాయి, ఆ పరిచయాల ద్వారా సమాచారం అందుతుంది, తప్పు మాట్లాడినా దిద్దేవారు దొరుకుతారు. అందువల్ల కలివిడిగా ఉండేవారే త్వరగా నేర్చుకుంటారని అనుకోవడం సహజం. కానీ కాలీన్ వార్డ్, వీనింగ్ చాంగ్ 1997లో సింగపూర్‌లో ఉంటున్న అమెరికన్లపై చేసిన అధ్యయనం మరో కోణాన్ని చూపింది. అక్కడ బహిర్ముఖత ఎంత ఉందన్నదానికీ సర్దుబాటుకూ నేరుగా సంబంధం కనబడలేదు. ఆతిథ్య సమాజపు సగటు తీరుకూ వ్యక్తి తీరుకూ మధ్య అంతరం ఎక్కువగా ఉన్నవారిలో కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. స్వదేశంలో మెప్పు తెచ్చిన గుణమే పరదేశంలో మోయలేని బరువు కాగలదన్నమాట. ఈ ‘పొంతన’ వాదాన్ని వార్డ్ తన సహచరులతో కలిసి, సింగపూర్‌కు వెళ్లిన ఆస్ట్రేలియన్లనూ ఆస్ట్రేలియాకు వెళ్లిన సింగపూర్‌వాసులనూ తీసుకుని 2004లో మళ్లీ పరీక్షించినప్పుడు దానికి మద్దతు దొరకలేదు. ఒకే పరిశోధకురాలి రెండు అధ్యయనాలే ఒక దారిలో నడవనప్పుడు, ‘బహిర్ముఖులను పంపండి’ అని గానీ ‘అక్కడివారితో పోలిక ఉన్నవారిని పంపండి’ అని గానీ ఒక్క వాక్యంలో సలహా ఇచ్చేవారిని నేను నమ్మలేను.

దీనికి మరో పార్శ్వం మౌనం. మౌనం అర్ధాంగీకారం అనే మాట మన నోట అలవాటుగా వస్తుంది గానీ, మౌనానికి అన్ని సంస్కృతులూ ఒకే అర్థం ఇవ్వవు. కొన్నిచోట్ల అది గౌరవం, కొన్నిచోట్ల నిరాకరణ, కొన్నిచోట్ల ఆలోచించుకోవడానికి అడిగే వ్యవధి. అంతర్ముఖులు మౌనంగా ఉన్నప్పుడు బయటి నుంచి చూసేవారు అది స్వభావమో సంస్కృతో తేల్చుకోలేక, తమకు అనువైన అర్థాన్ని అంటగడతారు. శిక్షణ తరగతిలో చేయి ఎత్తినవారిని నేర్చుకున్నవారిగానూ, కూర్చుని విన్నవారిని ఆసక్తి లేనివారిగానూ నమోదు చేసే పద్ధతి ఇక్కడే అన్యాయానికి దారితీస్తుంది. మొదటి పేరాలో చెప్పిన మూడో ఉద్యోగిని ఒకసారి గుర్తుచేసుకోండి. ఆమె ఎవరినీ ప్రశ్నించలేదు కాబట్టి ఆమె అభ్యాసం ఎవరి నివేదికలోనూ కనిపించదు. అయినా ఆ బృందంలో ‘ప్రయత్నిస్తాను’ అన్న మాటకు అర్థాన్ని అందరికంటే ముందు పట్టుకోగలిగేది ఆమే కావచ్చు. ఆమెకు ఎదురయ్యే చిక్కు వేరు: తన అవగాహన సరైనదో కాదో ఎవరితోనూ మాట్లాడి సరిచూసుకోకపోతే, అది బాగా అల్లిన ఊహగానే మిగిలిపోతుంది.

కర్తవ్యనిష్ఠ ఉన్నవారు వెళ్లబోయే దేశం గురించి ముందే చదువుతారు, గమనికలు రాసుకుంటారు, చేసిన పొరపాటును మళ్లీ చేయకూడదని శ్రద్ధపడతారు. పౌలా కాలిజూరి విదేశాల్లో నియమితులైన ఉద్యోగులపై 2000లో ప్రచురించిన అధ్యయనంలో, పైఅధికారులు ఇచ్చిన పనితీరు అంచనాతో సంబంధం కనబరిచిన గుణం కర్తవ్యనిష్ఠే. నియామకాన్ని మధ్యలో వదిలి వెళ్లిపోవాలన్న కోరిక మాత్రం బహిర్ముఖత, సౌమ్యత, మనోనిబ్బరం ఎక్కువగా ఉన్నవారిలో తక్కువగా కనిపించింది. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఒకటుంది. నిలదొక్కుకోవడం, పని బాగా చేయడం, నేర్చుకోవడం అనేవి మూడు వేర్వేరు ఫలితాలు. తన దేశపు పద్ధతులను ఏమాత్రం మార్చుకోకుండా లక్ష్యాలను పూర్తిచేసి, మంచి అంచనా పొంది, అక్కడివారి గురించి ఏమీ తెలుసుకోకుండా తిరిగివచ్చే ఉద్యోగి ఉండవచ్చు. క్రమశిక్షణకు నియమాల మీద ప్రేమ తోడైనప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. అలాంటివారు పరసంస్కృతిని కూడా ఒక నియమావళిగా మార్చుకుని, ‘వాళ్లు ఎప్పుడూ ఇలాగే చేస్తారు’ అనే పట్టిక తయారుచేసుకుంటారు. ఆ పట్టికకు లొంగని మనిషి ఎదురైనప్పుడు తడబడతారు.

దీనికి దగ్గరి బంధువు లాంటి ధోరణిని డోనా వెబ్‌స్టర్, ఆరీ క్రుగ్లాన్‌స్కీ 1994లో ఒక ప్రశ్నావళి ద్వారా కొలిచారు. ఏ విషయంలోనైనా త్వరగా ఒక ఖచ్చితమైన జవాబుకు చేరుకోవాలనీ, సందిగ్ధంలో ఉండటం ఇష్టంలేదనీ అనిపించే తత్వం అది. మొదటి ఉదాహరణలో ‘మాట మీద నిలబడడు’ అని వెంటనే తేల్చేసిన ఉద్యోగి చెడ్డవాడు కాదు, సందిగ్ధాన్ని మోయలేనివాడు. అలసట, పని ఒత్తిడి, గడువు ఈ తత్వాన్ని ఎవరిలోనైనా పెంచుతాయి. అందుకే వేర్వేరు దేశాల బృందాల మధ్య అపార్థాలు గడువుల చివరి రోజుల్లోనే గట్టిపడతాయని నేను భావిస్తాను: ఎదుటివారిని అర్థం చేసుకోవడానికి కావలసిన తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు.

సౌమ్యులతో కలిసి పనిచేయడం అందరికీ సుఖం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నట్లు, వారికి కొత్తచోట త్వరగా ఆదరణ దొరుకుతుంది. కానీ సంఘర్షణను తప్పించుకోవాలన్న కోరిక బలంగా ఉన్నప్పుడు, తేడాను చూసీ చూడనట్లు వదిలేయడం అలవాటవుతుంది. పరసంస్కృతి పట్ల మనిషి దృష్టి ఎదిగే క్రమాన్ని మిల్టన్ బెనెట్ 1986లో ఆరు దశలుగా వివరించారు: తేడాను గుర్తించకపోవడం, దాన్ని ముప్పుగా చూడటం, చిన్నదిగా చేసి చూడటం, అంగీకరించడం, అనుగుణంగా మారడం, తనలో భాగం చేసుకోవడం. వీటిలో మూడోది, ‘ఎక్కడైనా మనుషులంతా ఒక్కటే కదా’ అనే దశ, సౌమ్యులకు ఎంతో హాయిగా ఉంటుంది. ఆ మాటలో మంచితనం ఉంది. అయితే మనుషులంతా ఒక్కటే అనుకున్నప్పుడు ఆ ‘ఒక్కటి’ తరచుగా మనమే అవుతాం. ఎదుటివారు నిజంగా వేరుగా ఆలోచిస్తున్నారేమోనని అడగవలసిన అవసరమే కనిపించదు.

మనోనిబ్బరం గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. అది పాఠం నేర్పదు గానీ, పాఠం పూర్తయ్యేదాకా కూర్చోనిస్తుంది. నార్వే పరిశోధకుడు స్వెరె లిస్‌గార్డ్ 1955లో, అమెరికాలో కొంతకాలం గడిపి వచ్చిన నార్వేవాసుల అనుభవాల ఆధారంగా, మొదట్లో ఉత్సాహం, నడుమ కుంగుబాటు, ఆపైన మళ్లీ కోలుకోవడం అనే క్రమాన్ని సూచించాడు. అందరి అనుభవమూ ఆ గీత మీదే నడవదని తర్వాతి పరిశోధకులు ఎత్తిచూపారు. అయినా ఆ నడిమి లోయ ఎదురైనవారికి, దాన్ని దాటే దాకా మనసు కుదుటగా ఉండటం పెద్ద ఆసరా. తనను తాను నిందించుకుంటూ దూరమైపోయిన నాలుగో ఉద్యోగిలో కుతూహలం లేదనలేం. అది ఆందోళన కింద అణగిపోయి ఉంది. అతనికి కావలసింది మరో ఉపన్యాసం కాదు, తప్పు మాట్లాడినా పరువు పోదన్న భరోసా.

ఇక్కడే వ్యక్తి నుంచి వాతావరణం వైపు తిరగవలసి వస్తుంది. ఒక గుణం బయటపడాలంటే దానికి సందర్భం పిలుపునివ్వాలని రాబర్ట్ టెట్, డాన్ బర్నెట్ 2003లో వాదించారు. కుతూహలం ఉన్న ఉద్యోగికి పరాయి సహోద్యోగితో ఈమెయిల్ తప్ప మరో సంబంధం లేని ఉద్యోగం ఇస్తే, ఆ కుతూహలం ఎక్కడ పనిచేస్తుంది? తెలియదని ఒప్పుకుంటే, ప్రశ్న అడిగితే, తప్పు చేస్తే చిన్నచూపు ఎదురుకాదన్న నమ్మకం ఉన్న బృందాల్లో నేర్చుకునే ప్రవర్తన ఎక్కువగా కనిపిస్తుందని ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1999లో చూపారు. అలాంటి బృందంలో బిడియస్తులు కూడా ‘మీరు ఆ రోజు అలా అన్నారు, నాకు అర్థం కాలేదు’ అని అడగగలుగుతారు. అలాంటి నమ్మకం లేనిచోట చొరవ గలవారు కూడా నోరు కట్టుకుంటారు.

అధికారం అనే అంశాన్ని ఈ చర్చల్లో తరచుగా దాటేస్తారు, అది నన్ను బాధిస్తుంది. సంస్థలో మెజారిటీ భాష మాట్లాడేవారు, ప్రధాన కార్యాలయం నుంచి వచ్చినవారు నేర్చుకోకపోయినా వారికి నష్టం ఉండదు. కొత్తగా వచ్చినవారు, అల్పసంఖ్యలో ఉన్నవారు నేర్చుకోక తప్పదు. ఒకరికి ఐచ్ఛికమైనది మరొకరికి నిర్బంధం. అప్పుడు పైవర్గంలో కనిపించే మొండితనాన్ని ‘దృఢత్వం’ అనీ, కిందివారిలో కనిపించే అదే గుణాన్ని ‘సర్దుకోలేకపోవడం’ అనీ పిలుస్తారు. వేర్వేరు వర్గాల మధ్య సంపర్కం దురభిప్రాయాలను తగ్గించాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, అధికార వ్యవస్థ మద్దతు ఉండాలని ఆల్‌పోర్ట్ 1954లోనే రాశాడు. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను కలిపి 2006లో పరిశీలించినప్పుడు, సంపర్కం సాధారణంగా దురభిప్రాయాన్ని తగ్గిస్తుందనీ, పై పరిస్థితులు తప్పనిసరి కాకపోయినా అవి ఉన్నచోట ఫలితం మరింత మెరుగ్గా ఉంటుందనీ తేలింది. ఉద్యోగి స్వభావాన్ని కొలిచేముందు ఆ నాలుగు పరిస్థితులూ తమ దగ్గర ఉన్నాయో లేవో సంస్థ చూసుకోవాలి.

కొలవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘నేను కష్టపడి పనిచేస్తాను’ అన్న వాక్యానికి మార్కు వేసుకునే ప్రతి ఒక్కరూ తమ చుట్టూ ఉన్నవారితో పోల్చుకునే వేసుకుంటారు. అందరూ కష్టపడేచోట పెరిగినవారు తమకు తక్కువ వేసుకోవచ్చు. వేర్వేరు సంస్కృతుల వారి స్వీయ అంచనాలను పక్కపక్కన పెట్టి పోల్చితే ఈ కారణంగా పొరబడతామని స్టీవెన్ హైన్, ఆయన సహచరులు 2002లో హెచ్చరించారు. కాబట్టి రెండు దేశాల అభ్యర్థుల మార్కులను పక్కపక్కన పెట్టి ఒకరిని ఎంచుకోవడం, పైకి ఎంత శాస్త్రీయంగా కనిపించినా, నమ్మదగిన పద్ధతి కాదు.

స్వభావ పరీక్షల వల్ల ప్రయోజనమే లేదని దీని అర్థం కాదు. ఎవరిని తప్పించాలో నిర్ణయించడానికి వాడే బదులు, ఎవరికి ఎలాంటి తోడు కావాలో తెలుసుకోవడానికి వాడితే అవి ఉపయోగపడతాయి. చర్చకు ముందు పది నిమిషాలు రాసుకునే వ్యవధి ఇస్తే, మాట్లాడటానికి వెనుకాడేవారి పరిశీలనలు కూడా బల్ల మీదికి వస్తాయి. అపార్థం కలిగించే ఒక సంఘటనను చెప్పి, దానికి నాలుగు వివరణలు ఇచ్చి, అక్కడి సంస్కృతి దృష్టిలో ఏది సరైనదో ఎంచుకోమనే శిక్షణ పద్ధతిని ఫ్రెడ్ ఫీడ్లర్, టెరెన్స్ మిచెల్, హ్యారీ ట్రియాండిస్ 1971లోనే వివరించారు. ఏకాంతంగా ఆలోచించడం ఇష్టపడేవారికి అది బాగా నప్పుతుంది. చేసి చూస్తే తప్ప తలకెక్కనివారికి పాత్రలు ధరించి సంభాషించే అభ్యాసం నప్పుతుంది, అయితే వారిని అభ్యాసం తర్వాత కూర్చోబెట్టి ‘ఇప్పుడు నువ్వు ఏమనుకున్నావు, ఎందుకనుకున్నావు’ అని అడిగేవారు ఉండాలి. లేకపోతే వారు ఆనందించి వెళ్లిపోతారు. నియమాలను ప్రేమించేవారికి, నియమానికి లొంగని ఉదాహరణలను కావాలనే ఎక్కువగా ఇవ్వాలి. సౌమ్యులకు, ‘ఈ విషయంలో మీకూ ఆయనకూ ఎక్కడ అభిప్రాయభేదం ఉంది?’ అని నేరుగా అడిగి, తేడాను పలికే అనుమతి ఇవ్వాలి. చొరవగలవారినీ గమనించేవారినీ జతచేస్తే ఒకరు తెచ్చిన పరిచయంలోకి మరొకరు తెచ్చిన పరిశీలన వచ్చి చేరుతుంది, పైగా ఆ జంటలో ఎవరికీ తన స్వభావాన్ని దాచుకోవలసిన పని ఉండదు.

చివరగా, స్వభావం ఎంతవరకు స్థిరమైనదన్న ప్రశ్న ఉంది. జర్మనీలో జూలియా జిమర్‌మన్, ఫ్రాంజ్ నేయర్ విదేశాల్లో చదివివచ్చిన విద్యార్థులను స్వదేశంలోనే ఉన్నవారితో పోల్చి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వెళ్లినవారిలో కొత్తపట్ల ఆసక్తి, సౌమ్యత పెరిగినట్లూ ఆందోళన తత్వం తగ్గినట్లూ కనిపించింది. ఆ మార్పులో అధికభాగానికి కారణం విదేశంలో కొత్తగా ఏర్పడిన, కష్టసుఖాల్లో ఆసరాగా నిలిచే స్నేహబంధాలని వారు గుర్తించారు. ఉద్యోగంలో చేరిన రోజున నింపించిన ప్రశ్నావళిని ఆధారం చేసుకుని, మూడేళ్ల తర్వాత కూడా ఒక మనిషిని విదేశీ బృందానికి పనికిరాడని పక్కనపెట్టే అధికారి ముందు ఈ ఫలితాన్ని ఉంచాలి. ఆ మూడేళ్లలో ఆ మనిషికి పరాయి సంస్కృతికి చెందిన ఒక్క స్నేహితుడైనా దొరికే వీలు ఆ సంస్థలో ఉందా అని కూడా ఆ అధికారిని అడగాలి.